అమ్మాయిని అడిగారా?



"స్వామీ, మన మతంలో అన్నీ కట్టుబాట్లే గదా! అది చేయరాదు, ఇది చేయరాదు. మరి మనిషికి స్వేచ్ఛ ఎక్కడుంది?" కాలేజీకి వెళ్ళే పిల్లలు గురువులను తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఇంట్లో అడిగితే కసురుకుంటారని మా దగ్గర అడుగుతారు. అడగనీయండి. అడుగుతున్నారంటే ఇంకా పట్టించుకుంటున్నారనే అర్థం.

ఈ ప్రశ్నకు ప్రసంగాల్లో మేము చెప్పే జవాబులు మీకు కంఠతా వచ్చి ఉంటాయి. దారం ఉంటేనే గాలిపటం ఎగురుతుంది, పట్టాలు ఉంటేనే రైలు నడుస్తుంది, గట్టు ఉంటేనే చెరువులో నీళ్ళు నిలుస్తాయి. పిల్లలు మర్యాదకు తల ఊపుతారు గాని మనసులో ఒప్పుకోరు. వాళ్ళ తప్పేమీ లేదు. మనిషి గాలిపటం కాదు, రైలూ కాదు. వాటిని ఎవరూ ఏమీ అడగరు. మనిషిని అడగాలి. స్వేచ్ఛను గురించిన ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

కాబట్టి ఈ వారం ఈ విషయాన్ని పోలికలతో కాకుండా మన ఇళ్ళలో జరిగేదానితోనే పరిశీలిద్దాం. మన కుటుంబాల్లో స్వేచ్ఛ అనే మాట నిజంగా పరీక్షకు నిలబడేది ఎక్కడో మీకు తెలుసు. పిల్లల పెళ్ళి దగ్గర.

జ్ఞానవివాహం ఎలా జరుగుతుందో మీరంతా చూసినవారే. దైవవాక్యం చదవడం, ప్రసంగం అయ్యాక గురువు వధూవరులను లేచి నిలబడమంటాడు. వారి సమ్మతి తీసుకునే ముందు మూడు సంగతులు అడుగుతాడు. జీవితాంతం ఒకరినొకరు ప్రేమించి గౌరవించుకుంటారా అన్నది అందులో ఉంది. దేవుడిచ్చే బిడ్డలను స్వీకరించి విశ్వాసంలో పెంచుతారా అన్నదీ ఉంది. కాని వాటికంటే ముందు అడిగేది మరొకటి: ఎవరి బలవంతమూ లేకుండా, మీ సొంత ఇష్టంతో ఇక్కడికి వచ్చారా? ఆ సమయానికి వీడియో తీసేవారు లైట్లు సర్దుకుంటూ ఉంటారు, మేనత్తలు పూలదండలు వెతుకుతూ ఉంటారు. చాలామంది ఆ ప్రశ్న వినరు కూడా. విన్నా అదొక తంతు అనుకుంటారు.

అది తంతు కాదు. 1983లో వెలువడిన శ్రీసభ చట్టంలో 1057వ సూత్రం చెప్పేది ఇదే: వివాహాన్ని వివాహంగా చేసేది ఆ ఇద్దరి సమ్మతి, ఆ సమ్మతిని వారి బదులుగా ఇచ్చే అధికారం మానవులలో ఎవరికీ లేదు. తండ్రికి లేదు. మేనమామకు లేదు. గురువుకు లేదు, పీఠాధిపతికి లేదు, రోములో ఉన్న జగద్గురువుకు కూడా లేదు. మన లతీను సంప్రదాయం ప్రకారం ఆ సంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే. గురువు శ్రీసభ పేరిట వారి సమ్మతిని అడిగి స్వీకరించే సాక్షి. తాళి కట్టడం మన దేశాచారం, శ్రీసభ దాన్ని ఆశీర్వదించి తనలో చేర్చుకుంది. కాని వివాహం అయ్యేది మూడు ముళ్ళు పడ్డప్పుడు కాదు, ఇద్దరూ నోరు తెరచి సమ్మతి మాట చెప్పినప్పుడు.

నోరు తెరచి అన్నాను, గమనించండి. మౌనం అర్ధాంగీకారం అని మనలో ఒక సామెత ఉంది. పెళ్ళిచూపుల తరువాత అమ్మాయి తల వంచుకుని కూర్చుంటే "సిగ్గుపడుతోంది, ఇష్టమే" అని పెద్దవాళ్ళు తేల్చేస్తారు. శ్రీసభకు ఆ సగం అంగీకారం పనికిరాదు. సమ్మతిని మాటలతో చెప్పాలి, మాట్లాడలేనివారైతే అదే అర్థమిచ్చే సైగలతో చెప్పాలి అని 1104వ సూత్రం. తల వంచుకోవడం సిగ్గో, ఏడుపో చుట్టాలు నిర్ణయించరాదు.

రిబ్కాకు వేసిన ప్రశ్న

ఇది పాశ్చాత్యుల ఆలోచన, మన పద్ధతి కాదు అని కొందరంటారు. ఆదికాండము 24వ అధ్యాయం తీసి చదవండి. మనకు ఎంతో దగ్గరగా ఉండే కథ అది. కొడుకు ఈసాకుకు పిల్లను చూడమని అబ్రహాము తన పెద్ద సేవకుణ్ణి సొంత బంధువుల ఊరికి పంపుతాడు. అతడు పది ఒంటెలతో బయలుదేరి బావి దగ్గర ప్రార్థన చేస్తాడు. రిబ్కా వచ్చి అతనికీ ఒంటెలకూ నీళ్ళు తోడి పోస్తుంది. నగలు పెట్టడం, పెద్దలతో మాట్లాడటం, వారు ఒప్పుకోవడం అన్నీ ఉన్నాయి. అచ్చంగా పెద్దలు కుదిర్చిన సంబంధం. మరునాడు పొద్దున్నే సేవకుడు బయలుదేరతానంటాడు. తల్లీ అన్నా పది రోజులు ఆగమంటారు. అప్పుడు వాళ్ళకు ఒక ఆలోచన వస్తుంది: అమ్మాయిని పిలిచి అడుగుదాం. పిలుస్తారు, ఇతనితో వెళ్తావా అని అడుగుతారు. వెళ్తానంటుంది (24:57-58).

నిజం చెప్పాలంటే, ఆమెను అడిగేటప్పటికే అన్నా తండ్రీ మాట ఇచ్చేశారు. వాళ్ళు అడిగింది వెంటనే వెళ్తావా అనే. అయినా ఆ ప్రశ్న, ఆమె జవాబు పవిత్ర గ్రంథంలో నిలిచిపోయాయి. స్త్రీని ఆమె సమ్మతి లేకుండా పెళ్ళి చేసి ఇవ్వరాదు అన్న నియమాన్ని యూదు పండితులు ఈ వచనం నుంచే తీశారు. పెద్దలు సంబంధం చూడటం తప్పని బైబులు ఎక్కడా చెప్పదు. పెద్దలు చూసిన సంబంధంలో కూడా అమ్మాయిని పిలిచి అడగవలసిందే అని మాత్రం ఇక్కడ కనిపిస్తుంది.

ఇంకా పైకి వెళ్ళి చూడండి. లూకా సువార్త మొదటి అధ్యాయంలో దేవుడు తన కుమారుణ్ణి లోకానికి పంపడానికి నజరేతులో ఒక పల్లెపడుచు దగ్గరకు దూతను పంపాడు. ఆమె ఇదెలా జరుగుతుందని అడిగింది. దూత కసరలేదు, వివరించాడు. ఆమె తన సమ్మతి చెప్పిన తరువాతే దూత వెళ్ళిపోయినట్లు లూకా రాశాడు. ఆమె జవాబు కోసం లోకమంతా ఎదురుచూస్తున్నట్లు 12వ శతాబ్దంలో పునీత బెర్నార్డు ఒక ప్రసంగంలో వర్ణించాడు. సర్వశక్తిగల దేవుడే ఒక అమ్మాయి సమ్మతి కోసం ఆగాడంటే, మనం శుభలేఖలు ముందే అచ్చువేయించి తరువాత ఆమెకు చెప్పడం ఏ అధికారంతో?

క్రీస్తు ప్రభువు తీరూ అంతే. ధనవంతుడైన యువకుడు విచారంతో వెళ్ళిపోతే ఆయన వెంటబడి పట్టుకోలేదు (మార్కు 10:22). ఆయన మాటలు కఠినమని చాలామంది విడిచిపోయినప్పుడు, మీరూ వెళ్తారా అని పన్నెండుమందినీ అడిగాడు (యోహాను 6:67). విశ్వాసం విషయంలోనే బలవంతం లేనప్పుడు మిగతా వాటిలో ఎందుకుంటుంది?

రాజు అడిగినా ఒప్పుకోలేదు

శ్రీసభ చరిత్రలో ఈ సూత్రానికి మూల్యం చెల్లించవలసి వచ్చింది. 866లో బుల్గారుల రాజు కొత్తగా విశ్వాసంలోకి వచ్చి జగద్గురువు మొదటి నికోలాసుకు చాలా ప్రశ్నలు పంపాడు. పెళ్ళికి ఏమేమి కావాలి అన్నది అందులో ఒకటి. ఉంగరం, కట్నకానుకలు, ఆశీర్వాదం అన్నీ చెప్పి, వీటిలో ఏది లేకున్నా సమ్మతి ఉంటే చాలు, సమ్మతి లేకపోతే మిగతావన్నీ ఉన్నా వ్యర్థమే అన్నది ఆయన జవాబు సారాంశం. సుమారు 1140లో శ్రీసభ నియమాలను కూర్చిన గ్రాషియన్ కూడా స్త్రీని ఆమె ఇష్టం లేకుండా ఎవరికీ ఇవ్వరాదని నిర్ధారించాడు. రాజులు, జమీందారులు కూతుళ్ళను పొలాల సరిహద్దుల కోసం ఇచ్చిపుచ్చుకునే రోజులవి.

అసలు పరీక్ష ట్రెంట్ మహాసభలో వచ్చింది. తల్లిదండ్రుల అనుమతి లేని పెళ్ళి చెల్లదని చట్టం చేయమని ఫ్రాన్సు రాజు తన రాయబారుల ద్వారా మహాసభను అడిగాడు. ఫ్రాన్సులో 1556 నాటికే ఒక రాజశాసనం ఉంది: ముప్పై ఏండ్లు నిండని కొడుకు, ఇరవై అయిదు నిండని కూతురు పెద్దల అనుమతి లేకుండా పెళ్ళి చేసుకుంటే ఆస్తి లేకుండా చేయవచ్చు. 1563 నవంబరు 11న మహాసభ తన నిర్ణయం ప్రకటించింది. పెద్దలకు తెలియకుండా చేసుకునే పెళ్ళిళ్ళను శ్రీసభ ఎప్పుడూ అసహ్యించుకుంది, నిషేధించింది అని ఒప్పుకుంటూనే, పెద్దల అనుమతి లేనంత మాత్రాన ఆ పెళ్ళి పెళ్ళి కాకుండా పోదని తేల్చిచెప్పింది. పైగా ప్రభువులు, అధికారులు తమ కింది ప్రజలను ఫలానావారినే పెళ్ళాడమని నిర్బంధిస్తే వెలివేత శిక్ష అని కూడా చేర్చింది. రహస్య వివాహాలను అరికట్టడానికి గురువు, ఇద్దరు సాక్షుల ముందు సమ్మతి చెప్పాలనే నియమం, మూడు చాటింపుల నియమం ఆ రోజునే స్థిరపడ్డాయి. ఫ్రాన్సు ప్రభుత్వం ఆ నిర్ణయాలను తన రాజ్యంలో అధికారికంగా స్వీకరించనే లేదు.

ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ప్రకటనలో వధూవరుల స్వేచ్ఛాపూర్వకమైన, సంపూర్ణమైన సమ్మతి ఉండాలని రాసుకున్నది 1948లో. వయసు వచ్చినవారు తమ జీవిత భాగస్వామిని ఎన్నుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన హక్కని మన సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది 2018లో. విశ్వాసం స్వేచ్ఛను తొక్కేస్తుందనే పిల్లలకు ఈ తేదీలు ఒకసారి వరసగా చెప్పి చూడండి.

పునీత తోమాసు అక్వినాసు సంగతి కూడా చెప్పాలి. సెమినరీలో తత్వశాస్త్రం చదివినవాళ్ళం ఆయన గ్రంథాలతో కుస్తీ పట్టినవాళ్ళమే గాని, ఆయన ఇంట్లో జరిగింది మాకూ ఆలస్యంగానే తెలిసింది. 1244లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, ఆయన దొమినికన్ సభలో చేరాడు. భిక్షమెత్తుకునే సభ అది. ఇంటివాళ్ళకేమో ఆయనను మోంతె కస్సీనో మఠానికి అధిపతిని చేయాలని కోరిక. తల్లి పురమాయింపుతో అన్నలు దారి కాచి పట్టుకుని సుమారు ఏడాదిపాటు కోటలో బంధించి ఉంచారు. ఆయన మనసు మారలేదు, చివరికి వదిలేశారు. తరువాత ఆయన రాసిన 'సుమ్మా'లో విధేయతను గురించిన చర్చ ఉంది. పిల్లలు తల్లిదండ్రులకు విధేయులు కావలసిందే అని చెబుతూనే, పెళ్ళి చేసుకోవడం, కన్యాత్వంలో ఉండిపోవడం వంటి విషయాల్లో వారి మాటకు కట్టుబడనక్కరలేదని అక్కడ స్పష్టంగా రాశాడు. కారణం కూడా చెప్పాడు: స్వభావరీత్యా మనుషులంతా సమానులు, ఇటువంటి విషయాల్లో మనిషి లోబడవలసింది దేవునికే. కోటలో గడిపిన ఆ ఏడాది ఈ వాక్యం వెనుక ఉందో లేదో మీరే ఊహించుకోండి.

ఇది గురుత్వానికి, కన్యామఠానికి కూడా వర్తిస్తుంది. బిడ్డకు జబ్బు చేసినప్పుడు "బతికితే నీకే ఇస్తాం స్వామీ" అని మొక్కుకునే తల్లులు మన విచారణల్లో ఉన్నారు. ఆ తల్లి విశ్వాసానికి దండం పెట్టాలి. కాని ఆ మొక్కు ఆమెది, బిడ్డది కాదు. పెద్దయ్యాక అతడు సెమినరీకి వెళ్ళనంటే దేవునికి అప్పు పడ్డట్టు కాదు. గురుపట్టం తీసుకోమని ఎవరినీ ఏ విధంగానూ నిర్బంధించరాదని 1026వ సూత్రం ఖండితంగా చెబుతోంది. పిలుపు ఉన్నవాణ్ణి ఆపడం కూడా అంతే తప్పు.

భయపెట్టి చేసిన పెళ్ళి

బలవంతం అంటే కత్తి చూపించడం అనుకుంటాం. మన ఇళ్ళలో కత్తి కనిపించదు. "ఈ సంబంధం కాదంటే నేను పురుగులమందు తాగుతా" అని తండ్రి అంటాడు. తల్లి మూడు రోజులు అన్నం మానేస్తుంది. "నీ వెనక ఇద్దరు చెల్లెళ్ళున్నారు, వాళ్ళ గతేమిటి?" అని పిన్ని అడుగుతుంది. "పుట్టినప్పుడే మా తమ్ముడికి మాట ఇచ్చాం" అని మేనరికం ముందుకు తెస్తారు. కాలేజీ మాన్పిస్తారు, ఫోను లాగేసుకుంటారు. వారాల తరబడి ఇదే నడిచాక ఆ అమ్మాయి "సరే" అంటుంది. ఆ సరే దేనికి చెప్పిందో ఆలోచించండి. ఆ అబ్బాయికి చెప్పిందా, ఇంట్లో గొడవ ఆగితే చాలని చెప్పిందా?

శ్రీసభ చట్టం 1103వ సూత్రం సరిగ్గా ఇదే అడుగుతుంది. బయటి నుంచి వచ్చిన బలవంతం వల్ల గాని, తీవ్రమైన భయం వల్ల గాని, దాని నుంచి బయటపడటానికి పెళ్ళి తప్ప దారి లేక చేసుకున్న వివాహం చెల్లదు. భయపెట్టినవాడు కావాలని భయపెట్టకపోయినా చెల్లదు. తల్లిదండ్రుల మీద గౌరవంతో, వారిని నొప్పించలేక ఒప్పుకున్నంత మాత్రాన పెళ్ళి చెల్లకుండా పోదు; పిల్లలు పెద్దల మాటకు విలువ ఇవ్వడం సహజమే, మంచిదే. కాని ఆ గౌరవానికి బెదిరింపులు, ఎడతెగని పోరు, మాట్లాడటం మానేయడం వంటివి తోడైనప్పుడు, ఆ భయం తీవ్రమైనదేనని శ్రీసభ న్యాయస్థానాలు ఎంతోకాలంగా తీర్పులు ఇస్తున్నాయి. అంటే దేవాలయంలో, పూజలో, ఎనిమిదివందల మంది చుట్టాల ముందు జరిగినా, ఆ పెళ్ళి దేవుని ముందు జరగనే లేదు. ఏండ్లు గడిచాక మేత్రాసన న్యాయస్థానంలో సాక్ష్యాలతో అది బయటపడవచ్చు. 2015లో పోపు ఫ్రాన్సిసుగారు ఈ విచారణ పద్ధతిని సులభం చేశారు. వివాహం చెల్లదని ఒక తీర్పు వచ్చాక దాన్ని రెండో న్యాయస్థానం కూడా ఖాయం చేయాలన్న నిబంధనను తొలగించారు. కాని అప్పటికి ఆ అమ్మాయి జీవితంలో ఎన్నేళ్ళు పోయి ఉంటాయో, పిల్లలు ఎవరి ఇంట్లో పెరుగుతుంటారో ఏ న్యాయస్థానమూ సరిచేయలేదు.

"ప్రధానం అయిపోయింది స్వామీ, ఇప్పుడు వెనక్కి పోతే పరువు పోతుంది" అంటారు. ప్రధానం ఒక వాగ్దానం, దానికి విలువ ఉంది. ఖర్చులూ నష్టాలూ ఉంటే అవి తీర్చాలి. కాని ఆ వాగ్దానాన్ని చూపించి పెళ్ళి చేసుకోమని బలవంతపెట్టే హక్కు ఎవరికీ రాదని 1062వ సూత్రం. పరువు సంగతి మీరే బేరీజు వేసుకోవాలి. ప్రధానం తప్పిందని ఊరు నాలుగు నెలలు మాట్లాడుకుంటుంది.

ఇక్కడ రెండు చేదు మాటలు చెప్పక తప్పదు. మొదటిది కులం. ఒకే పీఠం ముందు మోకరించి ఒకే సత్ప్రసాదం స్వీకరించే రెండు కుటుంబాలు, పిల్లలు ఒకరినొకరు ఇష్టపడ్డారని తెలియగానే ఎదురుపడితే ముఖం తిప్పుకుంటాయి. వివాహానికి అడ్డంకులను శ్రీసభ చట్టం ఒక్కొక్కటే పేర్కొంది: వయసు చాలకపోవడం, ముందే పెళ్ళి అయి ఉండటం, దగ్గరి రక్తసంబంధం, ఇంకా కొన్ని. ఆ జాబితాలో కులం లేదు. విచిత్రమేమంటే, నిజంగా అడ్డంకి అయిన మేనరికానికి మినహాయింపు ఇప్పించమని మా దగ్గరకు పరుగెత్తుకొస్తారు. అడ్డంకే కాని కులాన్ని మాత్రం పెద్ద అడ్డంకి చేసుకుని కూర్చుంటారు.

రెండవది పెళ్ళి కోసం జ్ఞానస్నానం. అబ్బాయి హైందవుడు, అమ్మాయి మనమ్మాయి. వచ్చే నెలలో ముహూర్తం. "ఈ లోపల వాడికి జ్ఞానస్నానం ఇచ్చేయండి స్వామీ, లేకపోతే మా చుట్టాలు ఒప్పుకోరు" అంటారు. చుట్టాల కోసం ఇచ్చేది జ్ఞానస్నానం కాదు. విశ్వసించమని ఎవరినీ నిర్బంధించరాదని బుల్గారులకు రాసిన జవాబులోనే నికోలాసు జగద్గురువు చెప్పాడు. రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న మత స్వేచ్ఛ మీద ప్రత్యేకంగా ఒక ప్రకటనే చేసింది. ఆ అబ్బాయి తన మతంలోనే ఉంటూ మన అమ్మాయిని దేవాలయంలో పెళ్ళాడటానికి పీఠాధిపతి నుంచి మినహాయింపు దొరుకుతుంది. మన అమ్మాయి తన విశ్వాసాన్ని కాపాడుకుంటానని, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి విశ్వాసంలో పెంచడానికి తాను చేయగలిగినదంతా చేస్తానని మాట ఇవ్వాలి. ఆ మాట అబ్బాయికి తెలిసి ఉండాలి. అంతే. తరువాత ఎప్పుడైనా అతడు తనంతట తాను క్రీస్తును కోరుకుంటే తలుపులు తెరిచే ఉంటాయి.

మాట ఇచ్చాక

ఇంతవరకు చదివి ఒక తెలివైన యువకుడు ఇలా అనవచ్చు: "సమ్మతి అడిగేదాకా బాగానే ఉంది. అడిగాక జీవితాంతం కట్టిపడేస్తారు గదా. అదేం స్వేచ్ఛ?" న్యాయమైన ప్రశ్నే.

పునీత అగుస్తీను రెండు సంగతులను వేరు చేసి చూపించాడు. ఇదో అదో ఎంచుకోగల శక్తి ఒకటి. ఎంచుకున్న మంచిని చేయగలిగిన స్వాతంత్ర్యం మరొకటి. మొదటిది ప్రతి మనిషికీ ఉంది, రెండవది సంపాదించుకోవాలి. మా విచారణలోని తాగుబోతు తండ్రిని చూడండి. రోజూ సాయంత్రం దుకాణం వైపు తిరగాలా, ఇంటి వైపు తిరగాలా అన్నది అతని చేతిలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంటికే వెళ్ళాలని అతనికీ ఉంటుంది. కాళ్ళు దుకాణం వైపే నడుస్తాయి. అగుస్తీను తన యవ్వనాన్ని గురించి రాసుకున్నదీ ఇదే: ఎవరో వేసిన సంకెళ్ళు కాదు, తన ఇష్టమే అలవాటై, అలవాటే తప్పనిసరై గొలుసులా బిగుసుకుంది. ఎంచుకునే శక్తిని మాత్రమే స్వేచ్ఛ అనుకునేవాడికి ఈ తాగుబోతు స్థితి అర్థం కాదు. గలతీయులకు రాసిన లేఖ 5వ అధ్యాయంలో పౌలు స్వేచ్ఛకోసమే క్రీస్తు మనలను విడిపించాడని చెప్పి, ఆ వెంటనే ఆ స్వేచ్ఛను శారీరక వాంఛలకు అవకాశంగా కాక ఒకరికొకరు సేవ చేసుకోవడానికి వాడమన్నది ఇందుకే.

మాట ఇవ్వడం మనిషికే చేతనవుతుంది. రేపు నా మనసు ఎలా ఉంటుందో నాకు తెలియకపోయినా, రేపు కూడా నీతోనే ఉంటానని ఈ రోజు చెప్పగలగడం మామూలు శక్తి కాదు. పక్షవాతం వచ్చిన భార్యకు పదేళ్ళుగా అన్నం తినిపిస్తున్న పెద్దమనుషులను మీ వీధిలోనే చూసి ఉంటారు. వాళ్ళను బానిసలు అని ఎవరైనా అంటే మీరు ఒప్పుకోరు. కాని ఆ మాట వాళ్ళ సొంతది కాకపోతే, ఎవరో వాళ్ళ నోట పలికించిందైతే, ఆ పదేళ్ళు జైలుశిక్షే అయ్యేవి. శ్రీసభ ముందు అంతగా అడిగేది, తరువాత అంతగా నిలబడమని కోరబోతోంది కనుకే.

అయితే ఈ బోధను వక్రంగా వాడేవారున్నారు. భర్త రోజూ తాగి కొడుతుంటే "జ్ఞానవివాహం గదమ్మా, నీ సిలువ నువ్వు మోయాలి" అని ఆ స్త్రీని మళ్ళీ అదే ఇంటికి పంపుతారు. ఇది శ్రీసభ బోధ కాదు. జీవిత భాగస్వామి ఆత్మకు గాని శరీరానికి గాని తీవ్రమైన ప్రమాదం కలిగిస్తుంటే, విడిగా ఉండటానికి 1153వ సూత్రం అనుమతిస్తోంది. ఆలస్యం చేస్తే ముప్పు ఉన్నప్పుడు ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా వెళ్ళిపోవచ్చు. వివాహ బంధం ఉంటుంది, దెబ్బలు తింటూ అదే కప్పు కింద ఉండాలన్న నియమం మాత్రం లేదు. ఇంకొకరికి సిలువ చేసి భుజానికెత్తే అధికారం మనకెవరూ ఇవ్వలేదు.

యువతీయువకులకు ఒక్క మాట. అమ్మానాన్నల ఒత్తిడి ఒక్కటే బలవంతం కాదు. ఆరు నెలల పరిచయంలో కళ్ళు మూసుకుపోవడం, స్నేహితుల ముందు మాట నెగ్గించుకోవాలన్న పంతం, ఇంటి మీద కోపం, ఇవి కూడా మనిషిని లాక్కుపోతాయి. మూడు వారాల చాటింపులు, వివాహ సంసిద్ధత తరగతులు మిమ్మల్ని విసిగించడానికి పెట్టలేదు. తల్లిదండ్రులు వద్దంటే కారణం అడిగి తెలుసుకోండి. అబ్బాయి తాగుతాడనో, ఇదివరకే ఒక పెళ్ళి అయిందనో వాళ్ళకు తెలిసి ఉండవచ్చు. అది కులం తప్ప మరేమీ కాదని తేలితే, మీ విచారణ గురువు దగ్గరకు రండి.

తల్లిదండ్రులారా, పెళ్ళి చాటింపులు రాయించడానికి వచ్చేటప్పుడు జ్ఞానస్నాన ధ్రువపత్రాలతోపాటు అమ్మాయినీ అబ్బాయినీ తీసుకురండి. గురువు వారిని విడివిడిగా కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడుగుతాడు. అది ప్రతి విచారణలోనూ ఉన్న పద్ధతే, మీ కుటుంబం మీద అనుమానంతో కాదు. తలుపు తెరిచే ఉంటుంది, మఠకన్య ఒకరు వరండాలో ఉంటారు. మీరు బయట బెంచీ మీద కూర్చోండి. లోపల అమ్మాయిని అడిగిన ప్రశ్నకు కిటికీలోంచి మీరు జవాబు చెప్పకండి. బయటికి వచ్చాక లోపల ఏం చెప్పావని ఆరా తీయకండి. ఆమె ఆలోచించుకోవడానికి పదిహేను రోజులు గడువు అడిగితే ఇవ్వండి. శుభలేఖలు అచ్చుకు ఇవ్వడం ఆ తరువాత పెట్టుకోండి.